మేడ మీద ఒక కర్ర, గోడ మీద పంచాంగం: బెజవాడలో ఆకాశం చూడటం ఎలా

మూడేళ్ల కిందట మా వాడి పుట్టినరోజుకి ఆన్‌లైన్‌లో ఒక టెలిస్కోప్ కొన్నాను. డబ్బా మీద శనిగ్రహం బొమ్మ, చుట్టూ వలయాలతో ధగధగలాడుతూ ఉంది. బిగించి మేడెక్కి చూస్తే ఏముంది, స్టాండు గాలికే ఊగిపోతోంది, చందమామని గొట్టంలోకి తెచ్చి "రారా చూడు" అనేలోపు అది పక్కకి జారిపోతోంది. వాడు పదిసార్లు వంగి పదిసార్లు నల్లటి చీకటే చూసి, నాన్నా ఇది పాడైపోయిందా అన్నాడు. వారం తిరక్కుండా అటకెక్కింది. తర్వాతెప్పుడో నాకు తట్టిందేమిటంటే, ఆ జారిపోవడంలో స్టాండు తప్పు సగమే, మిగతా సగం భూమి తిరగడం! చందమామ తన వెడల్పంత దూరం జరగడానికి రెండు నిమిషాలు చాలు. అంటే కంటి ముందు భూమి తిరుగుతుంటే మేం స్క్రూలు బిగించుకుంటూ కూర్చున్నాం అన్నమాట.

అందుకని, పిల్లలకి ఆకాశం చూపిద్దామనుకునేవాళ్లకి నేను ముందు చెప్పేది టెలిస్కోప్ కొనొద్దనే. మీటరు పొడవు మాప్ కర్ర, రెండడుగుల ప్లైవుడ్ ముక్క, సుద్దముక్క, కొలిచే టేపు, ఇంట్లో ఎలాగూ గోడకి వేలాడుతూ ఉండే పంచాంగం క్యాలెండర్, ఒక నోట్‌బుక్. ఇంతే. మన ఇళ్లల్లో పంచాంగాన్ని వర్జ్యం, రాహుకాలం చూసి మూసేస్తాం గానీ, అందులో ఉన్నదంతా సూర్యుడూ చంద్రుడూ ఏ రోజు ఎక్కడున్నారన్న లెక్కే. ఆ లెక్క నిజమో కాదో మేడ మీద నిలబడి సరిచూసుకోవడం ఎలాగో చెప్తాను.

ముందు కర్ర సంగతి

ప్లైవుడ్ ముక్క మధ్యలో కిందినుంచి పొడవాటి స్క్రూ కొట్టి, దానికి కర్రని నిలువుగా బిగించండి. పైకొస వరకూ సరిగ్గా మీటరు ఉండాలి. నిలువుగా ఉందో లేదో చూడటానికి దారానికి బోల్టు కట్టి పక్కన వేలాడదీయండి, మేస్త్రీలు గోడకి చూసినట్టు, రెండు వైపుల నుంచీ. మొదటి ఏడాది నేను తెలివిమీరి ఇసుక పోసిన పెయింటు డబ్బాలో పైపు గుచ్చాను. చలికాలమంతా బ్రహ్మాండంగా పనిచేసింది. ఎండలు ముదిరాక మధ్యాహ్నం నీడ చిన్నదైపోయి డబ్బాలోంచి బయటికే రాలేదు! అందుకే ఈ ప్లైవుడ్ ఏర్పాటు.

ఇప్పుడు కర్ర మొదలు కేంద్రంగా మీటరు దూరంలో నేల మీద సుద్దతో గుండ్రంగా ఒక గీత గీయండి. పొద్దున నీడ పొడవుగా ఉండి గీత అవతల పడుతుంది, ఎండెక్కే కొద్దీ కుంచించుకుంటూ లోపలికొస్తుంది. నీడ కొస గీతని తాకిన చోట ఒక చుక్క పెట్టండి. మధ్యాహ్నం దాటాక నీడ మళ్లీ పెరిగి గీతని తాకి బయటికి పోతుంది, అక్కడ ఇంకో చుక్క. ఈ రెంటినీ కలిపితే తూర్పు పడమర గీత వచ్చేస్తుంది. దానికి అడ్డంగా కర్ర మీదుగా గీస్తే ఉత్తర దక్షిణాలు. పూర్వం శంకువు, అంటే ఇలాంటి నిలువు కర్రే, నిలబెట్టి దిక్కులు కట్టింది ఇలాగే, ఫోన్‌లో దిక్సూచి లేని రోజుల్లో. మా ఫ్లాటు అమ్మేటప్పుడు బిల్డరు పక్కా ఈస్ట్ ఫేసింగ్ సార్ అని పదిసార్లు చెప్పాడు. సుద్దగీత ప్రకారం గుమ్మం ఆగ్నేయానికి బాగానే ఒరిగి ఉంది. ఈ సంగతి మా అమ్మకి ఇంకా చెప్పలేదు.

ఉత్తర దక్షిణ గీత మీదికి నీడ వచ్చిన క్షణమే మన అసలు మధ్యాహ్నం. అప్పుడు గడియారం చూడండి, పన్నెండు కాదు. మన దేశం టైము 82.5 డిగ్రీల రేఖాంశానిది, అది కాకినాడ దగ్గరగా పోతుంది. బెజవాడ దానికి పడమరన దాదాపు 80.6 దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు మన నడినెత్తి గీత మీదికి రావడానికి ఏడు నిమిషాల పైచిలుకు ఆలస్యం. అదీ ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. భూమి సూర్యుడి చుట్టూ కొన్నాళ్లు వేగంగా, కొన్నాళ్లు నెమ్మదిగా పోతుంది, పైగా దాని ఇరుసు ఒరిగి ఉంది. ఈ రెండూ కలిసి ఫిబ్రవరి నడుమ మన మధ్యాహ్నాన్ని 12:21 దాకా నెట్టేస్తాయి, నవంబరు మొదట్లో 11:51కే తెచ్చేస్తాయి. అరగంట తేడా, మీ సుద్దగీత మీదే కనిపిస్తుంది.

నెలకి రెండు రోజులు, ఆదివారాలైతే పిల్లలుంటారు, ఆ మధ్యాహ్నపు నీడ పొడవు కొలిచి రాసుకోండి. మీటరు కర్రకి బెజవాడలో ఇలా రావాలి: డిసెంబరు 21 ప్రాంతంలో 84 సెంటీమీటర్లు, మార్చి 21న 30, జూన్ 21న 12, మళ్లీ సెప్టెంబరు 23న 30. జూన్‌లో వచ్చే ఆ 12 మాత్రం ఉత్తరం వైపు కాదు, దక్షిణం వైపు! మొదటిసారి చూసినప్పుడు నేను కర్ర తిప్పిపెట్టానేమో అనుకున్నా. భూమి ఇరుసు 23.4 డిగ్రీలు ఒరిగి ఉంది, మనం భూమధ్యరేఖకి 16.5 డిగ్రీల పైన ఉన్నాం, కాబట్టి కొన్నాళ్లు సూర్యుడు మన నెత్తిని దాటి ఉత్తరానికి పోతాడు. అలా దాటేటప్పుడు మే 5, 6 తేదీల్లో, తిరిగి వచ్చేటప్పుడు ఆగస్టు 6, 7 తేదీల్లో మధ్యాహ్నం నీడే ఉండదు. గుంటూరు వాళ్లకీ ఇంచుమించు అవే రోజులు. మేలో 12:04కి, ఆగస్టులో 12:13కి స్టీలు గ్లాసు బోర్లించి చూడండి, చుట్టూ ఎక్కడా నీడ పడదు.

"ఎండాకాలం భూమి సూర్యుడికి దగ్గరవుతుంది" అని ఇప్పటికీ చాలామంది నమ్ముతారు, నాకు బడిలో ఒక మాస్టారు కూడా అలాగే చెప్పారు. దగ్గరయ్యేది జనవరి మొదటి వారంలో, 14.7 కోట్ల కిలోమీటర్లకి. జూలై మొదట్లో 15.2 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అంటే మనం స్వెట్టరు వెతుక్కునే రోజుల్లోనే సూర్యుడు దగ్గర. ఎండ తీవ్రత దూరాన్ని బట్టి కాదు, నీడ పొడవుని బట్టి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం కదా, ఆ కార్తె అంటే సూర్యుడు రోహిణి నక్షత్రం దగ్గర ఉన్న రోజులు, మే 25 నుంచి ఇంచుమించు రెండు వారాలు. 27 నక్షత్రాలు, 365 రోజులు, ఒక్కోదానికి పదమూడున్నర రోజులు. రైతు నోట్లో ఉండే కార్తెల లెక్క భూమి సూర్యుడి చుట్టూ చేసే ప్రదక్షిణే.

సంక్రాంతి దగ్గర ఒక చిక్కుంది. ఉత్తరాయణం జనవరి 14న మొదలంటాం, కర్ర మాత్రం ఒప్పుకోదు. ఆ రోజు నీడ కొలిస్తే 78 సెంటీమీటర్లే వస్తుంది, అంటే 84 నుంచి అప్పటికే ఆరు తగ్గింది, సూర్యుడు డిసెంబరు 21, 22కే వెనక్కి మళ్లేశాడు. పంచాంగం తప్పా అంటే తప్పు కాదు. అది మకరరాశిని సూర్యుడి వెనక ఉండే చుక్కల హద్దుల ప్రకారం లెక్కకడుతుంది. భూమి ఇరుసు బొంగరం తలలా చాలా నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది, ఒక చుట్టుకి దాదాపు 26,000 ఏళ్లు, అంటే 72 ఏళ్లకి ఒక డిగ్రీ. సుమారు 1,700 ఏళ్ల కిందట ఆ రెండు తేదీలూ ఒకటే. అప్పట్నుంచి జరుగుతూ జరుగుతూ 24 రోజుల ఎడం వచ్చింది. భోగి మంట దగ్గర ఈ మాట చెప్తే పెద్దవాళ్లు ఒకలా చూస్తారు, జాగ్రత్త.

రాత్రి మేడ మీద

పక్కింటి నీళ్ల ట్యాంకు చాలు దీనికి. మేడ మీద ఒక చోట నిలబడి, కాళ్ల చుట్టూ సుద్దతో గీసుకోండి. ట్యాంకు అంచుని తాకుతున్న బాగా వెలిగే చుక్క ఒకదాన్ని ఎంచుకుని టైము రాసుకోండి, రాత్రి 8:00 అనుకుందాం. మర్నాడు అదే గీతలో నిలబడితే అదే చుక్క 7:56కే అక్కడికి వచ్చేస్తుంది. వారం తర్వాత 7:32, నెల తర్వాత ఆరింటికే, అంటే ఇంకా వెలుతురుండగానే. భూమి తన చుట్టూ తాను ఒక చుట్టు తిరగడానికి పట్టేది 24 గంటలు కాదు, 23 గంటల 56 నిమిషాలు. కానీ ఆ లోపు సూర్యుడి చుట్టూ దాదాపు ఒక డిగ్రీ ముందుకి జరుగుతుంది కాబట్టి, సూర్యుడు మళ్లీ నెత్తిమీదికి రావాలంటే ఇంకో నాలుగు నిమిషాలు తిరగాలి. కార్తీకంలో కనిపించిన చుక్కలు చైత్రానికి కనిపించకపోవడం ఈ నాలుగు నిమిషాల పుణ్యమే.

మన ఊళ్లో నేల గంటకి సుమారు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకి పోతోంది. మరి మనకి తెలియదేం అని మా వాడు అడిగాడు. భవానీ ద్వీపానికి బోటులో వెళ్తున్నప్పుడు చెప్పాను, ఒడ్డు చూడు, చెట్లు వెనక్కి పోతున్నాయా లేదా అని. ఈ పోలిక నాది కాదు, ఆర్యభటుడిది. పడవలో ముందుకి పోయేవాడికి ఒడ్డు వెనక్కి పోతున్నట్టు కనిపించినట్టే, కదలని చుక్కలు పడమరకి పోతున్నట్టు కనిపిస్తాయని క్రీ.శ. 499లోనే అన్నాడాయన.

ధ్రువనక్షత్రం మనకి ఉత్తరాన బాగా కిందికే ఉంటుంది, 16.5 డిగ్రీల ఎత్తులో. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే అది పది డిగ్రీలు, చిటికెన వేలు ఒక డిగ్రీ. కాబట్టి నేల అంచు నుంచి పిడికిలిన్నర. పటమటలోనో బ్రాడీపేటలోనో ఉంటే ఎదురు అపార్టుమెంటు వెనక దాక్కుని ఉంటుంది, ఊరు దాటాలి. వేసవిలో సాయంత్రాలు సప్తర్షుల గిన్నె చివరి రెండు చుక్కల్ని కలిపి, ఆ దూరానికి అయిదు రెట్లు పొడిగిస్తే దొరుకుతుంది. దక్షిణం వైపు చూడాలంటే బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్ బాగుంటుంది. మే నెలలో రాత్రి తొమ్మిదింటికి, సముద్రానికి పిడికిలి ఎత్తున, గాలిపటం ఆకారంలో నాలుగు చుక్కలు కనిపిస్తే అవే త్రిశంకువు.

చందమామ

అమావాస్య వెళ్లిన రెండో రోజో మూడో రోజో నెలపొడుపు నుంచి మొదలుపెట్టండి. పొద్దుగూకగానే పడమట చూస్తే సన్నటి రేఖ, మన దగ్గర అది చాలాసార్లు ఇంగ్లీషు పుస్తకాల్లోలా నిలబడి ఉండదు, పడవలా వెల్లకిలా పడుకుని ఉంటుంది. రోజూ అదే టైముకి, అదే చోట నుంచి చూసి, చందమామ ఏ కొబ్బరిచెట్టు మీద, ఏ సెల్ టవర్ పక్కన ఉందో కాగితం మీద బొమ్మ గీయండి. రోజుకి పిడికిలి మీద మూడు వేళ్లంత, అంటే 13 డిగ్రీలు, తూర్పుకి జరుగుతుంది. అష్టమికి పొద్దుగూకే వేళకి ఇంచుమించు నడినెత్తిన, పౌర్ణమికి తూర్పున ఉదయిస్తూ కనిపిస్తుంది. చంద్రోదయం సగటున రోజుకి 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. బహుళ సప్తమి, అష్టమి రోజుల్లో పొద్దున్నే పిల్లల్ని బడికి దించేటప్పుడు పడమటి వైపు చూడండి, పట్టపగలు చందమామ! ఇది చూసి నోరు తెరవని పిల్లాడు లేడు.

తిథి అంటే ఏమిటో ఇక్కడే అర్థమవుతుంది. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ఎడం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. ముప్పై తిథులు, 360 డిగ్రీలు, 29.5 రోజులు. చంద్రుడు ఒకసారి భూమికి దగ్గరగా వేగంగా, ఒకసారి దూరంగా నెమ్మదిగా పోతాడు కాబట్టి తిథి ఒక్కోసారి 19 గంటలే ఉంటుంది, ఒక్కోసారి 26 దాటుతుంది. ఏకాదశి ఇవాళా రేపా అని వాట్సాప్‌లో మా చుట్టాలంతా కొట్టుకునేది ఇందుకే.

చంద్రకళలు భూమి నీడ వల్ల వస్తాయనుకునేవాళ్లు ఎక్కువ. కాదని చెప్పడం కంటే చూపించడం తేలిక. కరెంటు పోయిన రాత్రి గది మధ్యలో టేబుల్ మీద ఒకే ఒక్క ఎమర్జెన్సీ లైటు పెట్టండి, మొహం ఎత్తుకి ఉండాలి. చేతిలో బత్తాయి. చెయ్యి చాచి లైటుకి ఎదురుగా పట్టుకుంటే బత్తాయి మనవైపు మొత్తం చీకటి, అది అమావాస్య. ఇప్పుడు ఎడమవైపుకి మెల్లగా తిరగండి, బత్తాయి కూడా మీతోపాటే. కుడి అంచున సన్నగా వెలుగు గీత పడుతుంది, పావు చుట్టు తిరిగేసరికి సగం, లైటు వీపు వైపుకి వచ్చేసరికి నిండుగా. అక్కడ మీ తల నీడ బత్తాయి మీద పడి ఆరిపోతే కంగారుపడకండి, అది చంద్రగ్రహణం. చెయ్యి కాస్త పైకెత్తండి, నీడ తప్పిపోయి పౌర్ణమి వస్తుంది. అసలు చంద్రుడి దారి కూడా అలాగే అయిదు డిగ్రీలు ఒరిగి ఉంటుంది, అందుకే ప్రతి పౌర్ణమికీ గ్రహణం రాదు. మా వాడు ఇది పదిసార్లు తిరిగి, కళ్లు తిరిగి, చివరికి చంద్రుణ్ణి ఒలుచుకు తినేశాడు.

నెలల పేర్లు కూడా ఆకాశంలోవే. పౌర్ణమి చంద్రుడు ఏ నక్షత్రం దగ్గరుంటే ఆ పేరు: చిత్త దగ్గరుంటే చైత్రం, విశాఖ అయితే వైశాఖం. కార్తీక పౌర్ణమికి కృష్ణలో దీపాలు వదలడానికి వెళ్తే ఒక్కసారి తల పైకెత్తండి, చందమామ చుట్టుపక్కలే కృత్తికలు, మా అమ్మమ్మ పిల్లలకోడి అనేది వాటిని. నిండు వెన్నెల్లో సరిగ్గా ఆనవు, రెండు మూడు రోజులాగి చూస్తే గుప్పెడు చుక్కలు. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులే, ఏడాదికి 11 రోజులు తక్కువ పడతాయి. ఆ బాకీ తీర్చడానికే మూడేళ్లలోపు ఒక అధికమాసం. 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది, 2026లో జ్యేష్ఠం.

గ్రహాలు, బ్యారేజీ

మిణుకుమిణుకుమనకుండా నిలకడగా వెలిగేది కనిపిస్తే గ్రహమే అనుకోవచ్చు. శుక్రుడు సూర్యుడికి అయిదు పిడికిళ్ల లోపే ఉంటాడు, కాబట్టి సాయంత్రం పడమట, లేకపోతే వేగుచుక్కగా తెల్లవారుజామున తూర్పున. అర్ధరాత్రి నడినెత్తిన తెల్లగా వెలిగేది శుక్రుడు కాదు, బహుశా గురుడు. మామూలు బైనాక్యులర్స్ మేడ పిట్టగోడకి ఆనించి చూస్తే గురుడి పక్కన ఒకే వరసలో చిన్న చుక్కలు కనిపిస్తాయి, 1610లో గెలీలియో చూసిన నాలుగు చందమామలు అవే. గురుడు సూర్యుణ్ణి చుట్టి రావడానికి 11.86 ఏళ్లు. మనకి కృష్ణా పుష్కరాలు 2004లో, 2016లో వచ్చాయి కదా, గురుడు కన్యారాశిలోకి వచ్చినప్పుడల్లా అన్నమాట, మళ్లీ 2028లో. శనికి ఒక చుట్టు 29.5 ఏళ్లు, రాశికి రెండున్నరేళ్లు, మూడు రాశులకి ఏడున్నర, అదే ఏలినాటి శని. జాతకం జోలికి నేను పోను గానీ ఆ కూడిక మాత్రం కరెక్టే.

గ్రహం వక్రించడం అంటే కూడా భయమక్కర్లేదు. గుంటూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, మన బస్సు ఒక లారీని దాటే ఆ కాసేపు దూరంగా ఉన్న మంగళగిరి కొండతో పోలిస్తే లారీ వెనక్కి పోతున్నట్టు ఉంటుంది. లారీ ముందుకే పోతోంది, మనమే స్పీడు. భూమి లోపలి దారిలో వేగంగా పోతూ గురుణ్ణి ఏడాదికోసారి ఇలాగే దాటుతుంది, అప్పుడు నాలుగు నెలలపాటు గురుడు చుక్కల మధ్య వెనక్కి నడిచినట్టు కనిపిస్తాడు. వారానికోసారి దగ్గరి చుక్కలతో కలిపి బొమ్మ గీస్తే మీకే తెలుస్తుంది.

దూరాలకి మాత్రం అంకెలు చెప్పి లాభం లేదు, నడవాలి. వెయ్యి కిలోమీటర్లని ఒక మిల్లీమీటరు అనుకోండి. ప్రకాశం బ్యారేజీ బెజవాడ వైపు మొదట్లో 1.4 మీటర్ల సూర్యుణ్ణి పెట్టాం, అంటే పదేళ్ల పిల్లాడంత ఎత్తు. 58 మీటర్లకి బుధుడు, 108కి శుక్రుడు, 150 మీటర్ల దగ్గర భూమి, ఒక గోళీకాయ. చందమామ పెద్ద మిరియం గింజంత, గోళీకి మూరెడు కంటే తక్కువ దూరంలో. మనిషి ఇప్పటిదాకా వెళ్లింది ఆ మూరెడే! 228కి కుజుడు, 778కి కొబ్బరికాయంత గురుడు. బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు, శనికి 1,430 కావాలి, కాబట్టి అతను బ్యారేజీ దిగి సీతానగరంలో ఉంటాడు. యురేనస్ 2.9 కిలోమీటర్లకి, నెప్ట్యూన్ 4.5 కిలోమీటర్లకి, రెండూ నిమ్మకాయలే. ఆ తర్వాత దగ్గరి నక్షత్రం ఎక్కడ అని మా వాడు అడిగితే లెక్క వేశా, 40,000 కిలోమీటర్లు. అసలు భూమిని ఒక చుట్టు చుట్టి మళ్లీ బ్యారేజీకి వచ్చేంత దూరం.

గ్రహణం వచ్చినప్పుడు

సూర్యగ్రహణాన్ని పాత ఎక్స్‌రే ఫిల్ముతోనో నల్ల కళ్లద్దాలతోనో చూడకండి, కన్ను పోతుంది, నొప్పి కూడా తెలియదు. గ్రహణం కోసమే చేసిన కళ్లద్దాలు లేకపోతే వేపచెట్టు కింద నేల చూడండి. ఆకుల సందుల్లోంచి పడే ప్రతి వెలుగు మచ్చా కొరికిన బిళ్లలా కనిపిస్తుంది. చంద్రగ్రహణాన్ని మామూలు కంటితో ఎంతసేపైనా చూడొచ్చు.

గుంటూరు వాళ్లు గొప్ప చెప్పుకోవాల్సిన గ్రహణం ఒకటుంది, ఎందుకో మన బడుల్లో సరిగ్గా చెప్పరు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం గుంటూరు మీదుగా పోయింది. జూల్స్ జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దాని కోసమే ఓడెక్కి గుంటూరు వచ్చాడు, మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పాగ్సన్ మచిలీపట్నంలో దిగాడు. సూర్యుడి అంచున లేచే మంటల వెలుగుని రంగులుగా విడగొట్టి చూస్తే గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా ఇవి కనిపిస్తాయే అని జాన్సెన్‌కి తట్టింది, మర్నాడే గుంటూరులో మామూలు ఎండలో చూసి మరీ తేల్చాడు. ఆ గ్రహణంలో కనిపించిన పసుపు గీత భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. అదే హీలియం. భూమ్మీద దొరికింది 1895లో. ఎగ్జిబిషన్‌లో పిల్లలకి కొనిచ్చే ఎగిరే బుడగలో ఉండే వాయువు జాడ మొదట చిక్కింది ఈ ఊళ్లో పట్టిన గ్రహణంలో.

చివరగా నోట్‌బుక్ గురించి. మబ్బు పట్టిన రోజు కూడా తేదీ వేసి "మబ్బు" అని రాయండి, లేకపోతే కొలవడం మర్చిపోయిందీ కొలవలేకపోయిందీ తర్వాత తెలియదు. అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఆకాశం బాగుంటుంది, వానాకాలంలో పెద్దగా ఆశపెట్టుకోవద్దు. నీడ లేని రోజుని మాత్రం మేలోనే చూసేయండి, ఆగస్టుకి వాయిదా వేయకండి. మా నోట్‌బుక్‌లో ఆగస్టు 6, 7 ఎదురుగా రెండేళ్లుగా "మబ్బు" అనే ఉంది, రెండోసారి పక్కన మా వాడు గొడుగు బొమ్మ కూడా వేశాడు.